విండోస్, లైనక్స్ వాదంలో లెక్కకు రాని ఖర్చు

కంప్యూటర్ చదువు చదివే నలుగురు ఒకచోట చేరితే ఏదో ఒక రోజున ఈ వాదం రాక తప్పదు. విండోస్ మంచిదా, లైనక్స్ మంచిదా? "లైనక్స్‌కు వైరస్ రాదు, పైగా ఉచితం" అంటారు ఒకరు. "ఉచితమే గాని, ప్రింటరు పనిచేయించడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారు?" అంటారు ఇంకొకరు. మొదటివారు విండోస్‌ను పట్టి పీడించిన వైరస్‌ల పేర్లు వరసపెట్టి చెబుతారు. రెండోవారు "అది విండోస్ తప్పు కాదు, అప్‌డేట్ చేసుకోనివాళ్ల తప్పు" అని కొట్టిపారేస్తారు. టీ చల్లారిపోతుంది గాని వాదం చల్లారదు.

ఈ వాదం పుట్టి పాతికేళ్లు దాటింది. ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రవాడు తాను రాస్తున్న కెర్నెల్ సంగతి లోకానికి మొదటిసారి చెప్పింది 1991లో. విండోస్ 95 మార్కెట్లోకి వచ్చింది 1995 ఆగస్టులో. అప్పటినుంచి రెండు వ్యవస్థలూ గుర్తుపట్టలేనంతగా మారాయి. వాదనలు మాత్రం ఆనాటివే ఇంకా వినిపిస్తున్నాయి. వాటిని జరిగిన సంఘటనల ముందు నిలబెట్టి పరీక్షించడమే ఈ వ్యాసం పని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భద్రత, ఖర్చు, వాడేవారి బాధ్యత అనే మూడింటినీ ఇరుపక్షాలవారూ వేరువేరు తక్కెడల్లో తూస్తున్నారు. నిజానికి ఆ మూడూ ఒకే లెక్కలోని పద్దులు. ఒక పద్దులో మిగిల్చినది ఇంకో పద్దులో తేలుతుంది. చాలాసార్లు అది తేలేది మన ఖాతాలో కాదు, మరెవరి ఖాతాలోనో.

పుట్టుకలో ఉన్న తేడా

లైనక్స్ పక్షంవారు చెప్పేదాంట్లో గట్టి నిజం ఒకటుంది. ముందు దానికి దక్కవలసిన విలువ దక్కాలి. లైనక్స్ అనుసరించేది యూనిక్స్ సంప్రదాయాన్ని. యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. ఆ రోజుల్లో ఒక్క యంత్రాన్ని ఎంతోమంది పంచుకునేవారు. ఒకరి ఫైళ్లను ఇంకొకరు చెరపకుండా అడ్డుగోడలు మొదటి నుంచీ అవసరమయ్యాయి. 'రూట్' అనే పెత్తనదారు ఒక్కడికే అన్ని గదుల తాళంచెవులూ ఉంటాయి, తక్కినవారికి ఎవరి గది తాళంచెవి వారిది.

విండోస్ 95, 98లు అలా పుట్టలేదు. అవి ఒక మనిషి, ఒక బల్ల, ఒక యంత్రం అనే ఊహ మీద నిర్మించిన ఇళ్లు. లోపల తలుపులే లేవు. ఏ ప్రోగ్రాం అయినా ఏ ఫైలునైనా ముట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ దగ్గర అప్పటికే 1993 నుంచి విండోస్ ఎన్‌టీ అనే తలుపులున్న ఇల్లు ఉంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో ఆ నిర్మాణం మామూలు ఇళ్లకూ చేరింది. అయితే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయన్న భయంతో ఇంటి యజమానికి ఎప్పుడూ పెత్తనదారు హోదాలోనే పనిచేసే అలవాటు వదల్లేదు. తలుపులు పెట్టి తాళం వేయకుండా వదిలేసినట్టయింది.

దాని ఫలితం 2001 నుంచి 2003 దాకా వరసగా కనబడింది. కోడ్ రెడ్, నిమ్డా, బ్లాస్టర్. వీటిలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది 2003 జనవరి 25న విరుచుకుపడిన స్లామర్. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని లోపాన్ని పట్టుకుని పాకిన ఈ ప్రోగ్రాం పరిమాణం కేవలం 376 బైట్లు. యూనికోడ్‌లో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి మామూలుగా మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, అంత స్థలంలో మీరు తెలుగులో ఒకటి రెండు వాక్యాల కంటే రాయలేరు. ఆ కాస్తలోనే అది మొదట్లో ఎనిమిదిన్నర సెకన్లకు రెట్టింపవుతూ, దొరికిన యంత్రాల్లో 90 శాతాన్ని పది నిమిషాల్లో ఆక్రమించింది. దానికి సవరణ అంతకు ఆరు నెలల ముందే, 2002 జులైలో విడుదలై ఉంది. ఈ 'ఆరు నెలలు' గుర్తుపెట్టుకోండి. ఇలాంటి అంకె మళ్లీ వస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ ఆ రోజుల్లోనే ఆగిపోలేదు. 2002 జనవరిలో బిల్ గేట్స్ తన ఉద్యోగులందరికీ లేఖ రాసి, కొత్త హంగులకన్నా భద్రతే ముందు అని చెప్పాడు. 2004 ఆగస్టులో ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాల్ దానంతట అదే పనిచేయడం మొదలైంది. 2007లో విస్టా వచ్చాక పెత్తనపు పని ఏది చేయబోయినా "అనుమతిస్తారా" అని అడిగే పద్ధతి వచ్చింది. 2003 నాటి విండోస్‌ను చూపించి ఈనాటి విండోస్‌ను తిట్టడం, తాతగారి జ్వరానికి మనవడికి మందు వేయడం లాంటిది.

'లైనక్స్‌కు వైరస్ రాదు'

ఈ మాట అనేవారిని వారి జేబులోని ఫోను తీయమనండి. అది ఆండ్రాయిడ్ ఫోను అయితే దాని లోపల పనిచేసేది లైనక్స్ కెర్నెలే. పెళ్లి శుభలేఖ అనో, బ్యాంకు నోటీసు అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును నొక్కి డబ్బు పోగొట్టుకున్నవారి వార్తలు మీరు చదివే ఉంటారు. అక్కడ కెర్నెల్‌లోని గోడలు కూలలేదు. ఇంటివారే తలుపు తీసి, ఎస్‌ఎంఎస్‌లు చదువుకోవడానికి ఒక అపరిచితుడికి అనుమతి ఇచ్చారు.

"అది ఫోను, కంప్యూటరు కాదు" అంటారా? 2016 చూడండి. గోడకు బిగించే నిఘా కెమెరాలు, వీడియో రికార్డర్లు, ఇంటి రౌటర్లు చాలావాటిలో ఉండేది చిన్న లైనక్సే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మార్చకుండా వాటిని అలాగే వాడుతున్నారు. మిరాయ్ అనే ప్రోగ్రాం అలాంటి పాస్‌వర్డుల జాబితా ఒకటి, అరవై పైచిలుకు జతలు, దగ్గర పెట్టుకుని ఇంటింటి తలుపూ తట్టింది. అలా లొంగిన పరికరాలన్నీ కలిసి 2016 అక్టోబరు 21న డిన్ అనే కంపెనీ మీద దాడి చేసేసరికి అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. మిరాయ్‌ను రాసినవారు ముగ్గురు అమెరికా యువకులు, వారిలో ఒకడు కాలేజీ విద్యార్థి.

కెమెరా కొన్న దుకాణదారుది తప్పా, పాస్‌వర్డ్ మార్చకపోయినా పనిచేసేలా దాన్ని తయారుచేసిన కంపెనీదా? నన్నడిగితే కంపెనీదే పెద్ద పాలు. కెమెరా కొనేవారికి దానిలో లైనక్స్ ఉందని కూడా తెలియదు.

59 రోజులు

ఇప్పుడు కాసేపు ఒకే సంఘటన దగ్గర ఆగుదాం. ఎందుకంటే విండోస్ పక్షం, లైనక్స్ పక్షం రెండూ దీన్నే తమ సాక్షిగా పిలుచుకుంటాయి.

2017 మే 12, శుక్రవారం. వానాక్రై అనే ప్రోగ్రాం ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తాళం తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపంలో కట్టమంది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని బారిన పడినట్టు అప్పుడు వార్తలు వచ్చాయి. అందరికంటే ఎక్కువగా ప్రపంచం దృష్టికి వచ్చింది బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆస్పత్రుల వ్యవస్థ. సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని ఆ దేశపు ఆడిట్ సంస్థ అంచనా వేసింది. కొన్ని ఆస్పత్రులు అత్యవసర రోగులను వేరే ఊళ్లకు పంపవలసి వచ్చింది.

ఈ దాడి జొరబడిన కంత, విండోస్ యంత్రాలు ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ అనే పద్ధతిలో ఉంది. ఆ కంతను మొదట కనిపెట్టింది దొంగలు కారు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దాన్ని కనిపెట్టి, మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా ఏళ్లతరబడి తన ఆయుధాగారంలో దాచుకుంది. అక్కడినుంచి అది దొంగల చేతికి చిక్కింది, 2017 ఏప్రిల్‌లో బహిరంగమైంది. మైక్రోసాఫ్ట్ దానికి సవరణను 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే వానాక్రైకి 59 రోజుల ముందు.

"చూశారా, 59 రోజులు టైమిచ్చినా వేసుకోలేదు, ఇక కంపెనీ ఏం చేస్తుంది?" అనేది ఒక వాదన. ఇది పైకి గట్టిగా ఉంటుంది. కాని ఆస్పత్రిలో సవరణ వేయడమంటే మీ ఇంట్లో రాత్రి పడుకునేముందు 'రీస్టార్ట్' నొక్కడం కాదు. స్కానింగ్ యంత్రానికి అతికి ఉన్న కంప్యూటరును ముట్టుకోవాలంటే ఆ యంత్రం అమ్మిన కంపెనీ ఒప్పుకోవాలి. సవరణ తరవాత ఏదైనా ఆగిపోతే ఆ రోజు రోగులను వెనక్కి పంపాలి. అయినా నిర్లక్ష్యం లేదనడానికి వీల్లేదు. వెంటనే సవరణ వేసుకోమని ఆ ఆస్పత్రులకు మార్చి, ఏప్రిల్ నెలల్లో హెచ్చరికలు వెళ్లాయి. కనీసం ఇంటర్నెట్ వైపున్న ఫైర్‌వాల్ సరిచూసుకున్నా చాలావరకు బయటపడేవారని ఆడిట్ నివేదికే చెప్పింది.

రెండో వాదన ఇంకా ప్రచారంలో ఉంది: "కాలంచెల్లిన ఎక్స్‌పీ వాడబట్టే వచ్చింది." ఎక్స్‌పీకి సవరణలు ఇవ్వడం మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆపేసింది నిజమే. తరవాత ఒక ఏడాదిపాటు సవరణల కోసం బ్రిటన్ ప్రభుత్వం సుమారు 55 లక్షల పౌండ్లు కట్టింది, 2015లో మానుకుంది. వానాక్రై వల్ల ఆస్పత్రి వ్యవస్థకు కలిగిన నష్టం 9 కోట్ల 20 లక్షల పౌండ్లని తరవాత అంచనా వేశారు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి "పిసినారి పెళ్లికి పది ఖర్చులు" అనేయడం తేలిక. చాలామంది అలాగే అన్నారు. కాని కాస్పర్‌స్కీ సంస్థ లెక్క ప్రకారం వానాక్రైకి చిక్కిన యంత్రాల్లో దాదాపు 98 శాతం విండోస్ 7వి. ఎక్స్‌పీ యంత్రాల మీద ఆ ప్రోగ్రాం సరిగ్గా పారక, చాలావరకు యంత్రమే ఆగిపోయేది. విండోస్ 7కు సవరణ ఉచితంగా అందుబాటులో ఉంది. కాబట్టి ఆ 55 లక్షలు కట్టి ఉన్నా కథ పెద్దగా మారేది కాదు. రెండు అంకెల మధ్య బాణం గీసేముందు ఆ బాణం నిజంగా అటే పోతుందా అని చూడాలి.

మైక్రోసాఫ్ట్‌ను మాత్రం ఒక్క ప్రశ్న వదలదు. డబ్బు కట్టి ప్రత్యేక ఒప్పందం చేసుకున్నవారికే ఇస్తున్న ఎక్స్‌పీ సవరణను, దాడి జరిగాక అందరికీ ఊరికే ఇచ్చింది. అంటే మందు సీసా అల్మరాలో ఉంది. అంటురోగం విషయంలో మందు కొన్నవారికే ఇస్తామనడం వ్యాపార న్యాయం కావచ్చు గాని, రోగం కొననివారి దగ్గర ఆగదు.

చూసే కళ్లు ఎన్ని?

ఇక లైనక్స్ పక్షం వైపు తిరుగుదాం. వారి ప్రధాన సిద్ధాంతాన్ని 1997లో ఎరిక్ రేమండ్ తన ప్రసిద్ధ వ్యాసంలో ప్రతిపాదించాడు. సోర్స్ కోడ్ అందరి ముందూ పరిచి ఉంటే, ఎక్కువమంది చదువుతారు కాబట్టి లోపాలు త్వరగా బయటపడతాయని దాని సారాంశం. దానికి ఆయన లైనస్ పేరే పెట్టాడు.

వినడానికి ఎంతో బాగుంది. వానాక్రై వచ్చిన రెండు వారాలకే, 2017 మే 24న, లైనక్స్ యంత్రాలు అదే ఎస్‌ఎంబీ పద్ధతిలో ఫైళ్లు పంచుకోవడానికి వాడే సాంబా ప్రోగ్రాంలో ఒక ప్రమాదకరమైన లోపం బయటపడింది. అది ఆ కోడ్‌లో 2010 నుంచి ఉంది. ఏడేళ్లు అందరి కళ్ల ముందే ఉంది. అంతకుముందు 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ ఇంకా పెద్దది. వెబ్‌సైట్ల రహస్య సంభాషణను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో రెండేళ్లపాటు ఉండిపోయి, సర్వర్ల జ్ఞాపకంలోని పాస్‌వర్డులు బయటివారు చదివే అవకాశం ఇచ్చింది. అప్పుడే ఇంకో సంగతి కూడా బయటపడింది. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఆధారపడ్డ ఆ ప్రోగ్రాంకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం దానిమీదే పనిచేసేవారు ఒక్కరు.

చదవడానికి అవకాశం ఉండటం వేరు, ఎవరైనా చదవడం వేరు. మీ కాలేజీ గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలున్నాయో, వాటిలో ఎన్నింటిని ఒక్కరైనా తెరిచారో లైబ్రేరియన్‌ను అడిగి చూడండి.

ఈ సిద్ధాంతానికి అసలైన పరీక్ష 2024లో వచ్చింది. ఎక్స్‌జడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాం. దాదాపు ప్రతి లైనక్స్ వ్యవస్థలోనూ ఉంటుంది. దాన్ని చూసుకునేది ఫిన్లాండుకు చెందిన లాసె కాలిన్ ఒక్కరే. ఇది జీతం లేని, సరదాకి చేసే పని అని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపికగా, మర్యాదగా, పనికొచ్చే పనే చేశారు. పని ఆలస్యమవుతోందని వేరే పేర్లతో కొందరు ఆయన మీద ఒత్తిడి పెట్టారు. చివరికి సగం పెత్తనం జియా టాన్ చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 విడుదలల్లో ఒక దొడ్డిదారి చేరింది. అది పూర్తిగా వ్యాపించి ఉంటే, తాళంచెవి ఉన్నవారు ప్రపంచంలోని లెక్కలేనన్ని లైనక్స్ సర్వర్లలోకి పాస్‌వర్డ్ లేకుండా వెళ్లిపోగలిగేవారు.

దాన్ని పట్టుకున్నదెవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయన డేటాబేసు వేగం కొలుస్తూ, తన లైనక్స్ యంత్రంలోకి దూరం నుంచి ప్రవేశించడానికి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఎవరైనా "పోనీలే" అనుకునే అర సెకను. ఆయన అనుకోలేదు. దారం పట్టుకు లాగితే దొడ్డిదారి బయటపడింది. 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి అది ప్రయోగదశలోని విడుదలలకే చేరింది, అందరూ వాడే స్థిరమైన విడుదలలకు చేరలేదు. ఇంతకీ ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఉద్యోగం చేసేది ఎక్కడో తెలుసా? మైక్రోసాఫ్ట్‌లో.

లైనక్స్ పక్షంవారు "కోడ్ బహిరంగం కాబట్టే పట్టుబడింది" అంటారు. సగం నిజం. అనుమానం వచ్చాక వెంటనే లోపలికి దిగి వెతకగలిగింది కోడ్ బహిరంగం కావడం వల్లనే. కాని అనుమానం వచ్చింది కోడ్ చదివితే కాదు, గడియారం చూస్తే. పైగా దొడ్డిదారిని తెరిచే ముఖ్యమైన ముక్క అందరూ చూసే కోడ్ భాండారంలో లేనేలేదు, విడుదల కోసం మూటకట్టిన ఫైల్లో మాత్రమే పెట్టారు. విండోస్ పక్షంవారు "ముక్కూ ముఖం తెలియనివారిని చేరనిస్తే ఇంతే" అంటారు. అదీ సగమే. సోలార్‌విండ్స్ కంపెనీ కోడ్ ఎవరికీ చూపనిదే. అయినా దొంగలు లోపలికి దూరి, కంపెనీ సొంత సంతకంతో సహా దొడ్డిదారిని సుమారు 18,000 మంది ఖాతాదారులకు అందేలా చేశారు. అది నెలల తరవాత, 2020 డిసెంబరులో బయటపడింది.

ఈ కథలో నాకు భద్రతకన్నా ఖర్చే ఎక్కువగా కనిపిస్తుంది. లైనక్స్ ఉచితం అన్నప్పుడు ఆ ఖర్చు మాయం కాలేదు. అలసిపోయిన ఒక మనిషి సాయంకాలాలు దాన్ని చెల్లించాయి.

ఉచితం, స్వేచ్ఛ, లెక్కలు

అనువాదం చేసేవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ పథకం ప్రకటించి 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అన్నప్పుడు ఇంగ్లీషు ఆయనకు ద్రోహం చేసింది. ఆ భాషలో 'ఫ్రీ' అంటే ఊరికే వచ్చేదీ, బంధనం లేనిదీ రెండూ. తన ఉద్దేశం రెండోదని ఆయన దశాబ్దాలుగా వివరించుకోవలసి వస్తోంది. తెలుగులో ఆ ఇబ్బందే లేదు. మనకు ఉచితం ఒక మాట, స్వేచ్ఛ మరో మాట. హైదరాబాదులో తెలుగు లైనక్స్ కోసం పనిచేసిన సంస్థ 'స్వేచ్ఛ' అని పేరు పెట్టుకుని సరైన మాటనే ఎంచుకుంది. మన పత్రికలు మాత్రం 'ఉచిత సాఫ్ట్‌వేర్' అని రాసి, మనకు లేని గందరగోళాన్ని దిగుమతి చేసుకున్నాయి.

ఖర్చు లెక్కలు వేసేవారు ఎవరి డబ్బుతో వేస్తున్నారో ముందు చూడండి. 2002లో ఐడీసీ అనే సంస్థ ఐదు రకాల పనుల్లో విండోస్, లైనక్స్ సర్వర్ల మొత్తం ఖర్చును పోల్చి, నాలుగింటిలో విండోసే చవక అని తేల్చింది. ఆ అధ్యయనానికి డబ్బిచ్చింది మైక్రోసాఫ్ట్. అయినంతమాత్రాన అది అబద్ధమని కాదు. ఖర్చులో పెద్ద భాగం సిబ్బంది జీతాలేనని అది చెప్పిన మాట సరైనదే. కాని 2004లో మైక్రోసాఫ్ట్ బ్రిటన్‌లో వేసిన ఒక ప్రకటన, లైనక్స్ విండోస్ కన్నా పదిరెట్లు ఖరీదంటూ, మామూలు సర్వర్ల మీది విండోస్‌ను ఐబీఎం వారి భారీ మెయిన్‌ఫ్రేం మీది లైనక్స్‌తో పోల్చింది. అది తప్పుదోవ పట్టించే ప్రకటన అని అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ తీర్పు చెప్పింది.

అవతలి పక్షం అంకెలు కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. కేరళ పాఠశాలల్లో లైనక్స్ వాడకం మన దేశంలో నిజంగా గొప్ప ప్రయత్నం. పాఠాలకు కావలసిన ప్రోగ్రాములు చేర్చారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. కాని 2019లో కొత్త విడుదలను రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో వేస్తూ, దీనివల్ల 3,000 కోట్ల రూపాయలు ఆదా అని ప్రకటించారు. మీరే భాగించండి. కంప్యూటరుకు లక్షన్నర రూపాయలు! ఖరీదైన ప్రోగ్రాములన్నీ పూర్తి ధరకు ప్రతి బడి యంత్రంలోనూ కొంటే తేలే అంకె అది. ఏ బడీ అలా కొనదు. కేరళ సాధించిన అసలు విషయం ఆ అంకె కాదు, ఆ శిక్షణే. దానికి డబ్బు ఖర్చయింది, అది పెట్టవలసిన ఖర్చే.

జర్మనీలోని మ్యూనిక్ నగరం శిక్షణ మీద అలాగే నమ్మకం పెట్టుకుంది. 2003లో నగరపాలక సంస్థ విండోస్ వదిలేస్తామంటే, మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ తన సెలవులు మధ్యలో ఆపుకుని మేయరును కలవడానికి పరుగెత్తుకొచ్చాడు. అయినా నగరం వినలేదు. పదేళ్లలో దాదాపు 15,000 కంప్యూటర్లు మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. 2020లో కొత్త పాలకవర్గం తిరిగి బహిరంగ సాఫ్ట్‌వేర్ వైపే మొగ్గుతామంది. ఇందులో యంత్రం ఎంత, రాజకీయం ఎంత అని విడదీయడం కష్టం.

మన ఇళ్లలో

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. విడిభాగాలు కలిపి కంప్యూటరు తయారుచేసి ఇచ్చే దుకాణాల్లో డబ్బు కట్టని విండోస్ వేసి ఇవ్వడం ఎవరికీ తెలియని రహస్యం కాదు. ఆ దొంగ నకలు పట్టుబడకుండా చాలాచోట్ల అప్‌డేట్లనే ఆపేసి ఇస్తారు. ఇక్కడ చూడండి, ఖర్చు భద్రతగా ఎలా మారిందో. కొన్న కుటుంబం ఆరేడు వేల రూపాయలు మిగిల్చుకుంది. బదులుగా వానాక్రై లాంటిది వస్తే 59 రోజులు కాదు, 590 రోజులిచ్చినా సవరణ చేరని యంత్రాన్ని ఇంట్లో పెట్టుకుంది. అది ఆ కుటుంబానికి తెలియదు. "వాడేవారి బాధ్యత" అని చెప్పి తేల్చేసేవారు ఈ ఇంటికి వచ్చి ఆ మాట ఎవరితో అంటారో నాకు తెలియాలి.

వంటగ్యాస్‌తో పోల్చి చూస్తాను. సిలిండరు బిగించే ముందు కారుతుందేమో చూసి ఇవ్వడం సరఫరా చేసేవారి పని. రాత్రి పడుకునేముందు రెగ్యులేటరు కట్టేయడం ఇంటివారి పని. గొట్టం పాతబడితే మార్చుకోమని గుర్తుచేయడం, మార్చుకోవడం, ఇద్దరి పని. అయితే రెగ్యులేటరు ఎటు తిప్పాలో ఇంటివారికి ఎవరో ఒకరు చూపించి తీరాలి. చూపించకుండా అగ్గి అంటుకున్నాక నింద వేయడం అన్యాయం.

లైనక్స్‌కు మారినంతలో ఈ పని తప్పదు. ఎక్కడో దొరికిన ఆదేశాన్ని, ముందు 'సుడో' అని ఉన్నదాన్ని, అర్థం చూడకుండా టెర్మినల్‌లో అతికించి ఎంటర్ నొక్కే విద్యార్థులు ఎంతమందో! ఆ ఒక్క మాటతో అన్ని గదుల తాళంచెవులూ అప్పగిస్తున్నారు. విస్టా అడిగిన ప్రశ్నకు చదవకుండా 'యస్' నొక్కిన పెద్దలకూ వీరికీ తేడా లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సవరణలు ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అదనంగా ఇస్తామని మైక్రోసాఫ్ట్ గడువు పెట్టింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, ఒక స్థాయికి పైబడిన ప్రాసెసర్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 2017 చివర్లో వచ్చిన ఎనిమిదో తరం నుంచి. అంతకన్నా పాత యంత్రాలు, మన బడుల్లో, ఇళ్లలో ఉన్న చక్కగా పనిచేసే యంత్రాలు, ఎక్స్‌పీ పోయిన దారిలోకి వచ్చాయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే లైనక్స్ వేయడం మంచి ఉపాయమే. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయా, అమ్మానాన్నలు వాడే బ్యాంకు, పన్ను పనులు జరుగుతున్నాయా చూసుకుని, ఫైళ్లన్నీ వేరేచోట దాచుకున్నాకే మార్చండి. అప్‌డేట్లు వాటంతట అవే పడేలా పెట్టండి. మీరు హాస్టలుకు వెళ్లిపోయాక దాన్ని చూసేవారెవరో కూడా ముందే ఆలోచించుకోండి.

లైనక్స్ అయినంతమాత్రాన గడువు ఉండదనుకోకండి. సర్వర్లలో విరివిగా వాడిన సెంటాస్ 8కి 2029 దాకా సవరణలు వస్తాయన్న నమ్మకంతో ఎందరో దానికి మారారు. 2020 డిసెంబరులో ఆ గడువును ఏడేళ్లకు పైగా వెనక్కి జరిపారు, 2021 డిసెంబరు 31తో అది ముగిసింది. కాబట్టి ఏ లైనక్స్ వేసుకున్నా ఆ విడుదలకు సవరణలు ఎప్పటిదాకా ఇస్తామన్నారో చూసే వేసుకోండి. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలలకు మామూలుగా ఐదేళ్లు వస్తాయి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కు 2029 దాకా.